చీకట్లో ఆఖరి వాల్ట్జ్

తొమ్మిది గంటల పన్నెండు నిమిషాలకి హాల్లో దీపాలు ఆరాయి. తొమ్మిదీ పదిహేను నిమిషాల నలభై సెకన్లకి మళ్ళీ వెలిగాయి. ఆ మూడు నిమిషాల నలభై సెకన్లలో నూట పదిమంది అతిథులు చీకట్లో ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని వాల్ట్జ్ ఆడారు. బ్యాండు ఒక్క స్వరం తప్పకుండా వాయించింది. పార్టీ ఇచ్చిన పోలిరాజు మాత్రం సోఫాలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే ప్రాణం వదిలాడు. ఐసు పగలగొట్టే ఇనప ఊచ మెడ కింద దిగి ఉంది.

ఇదంతా నిన్నటి సంగతి. ఇప్పుడు ఉదయం పదిన్నర.

ప్రేమలీల గుమ్మంలోనే చెప్పులు విడిచింది. పోలీసులు బూట్లతో తొక్కిపోయిన చోట ఈవిడ చెప్పులు విప్పితే ఒరిగేదేమీ లేదు. కానీ ఇరవై రెండేళ్ళు వేలిముద్రల విభాగంలో పనిచేసిన మనిషి. ఉద్యోగం మానేసి సొంతంగా డిటెక్టివ్ బోర్డు కట్టుకున్నా పాత అలవాట్లు వదల్లేదు.

ఆమె వెనకే ఇద్దరు వచ్చి తలుపు పక్క బల్ల మీద కూర్చున్నారు. ఒకరు జోజి మాస్టారు. డెబ్భై ఏళ్ళు, నిన్నటి బ్యాండుకి నాయకుడు, ట్రంపెట్ వాయించేది ఆయనే. రెండో మనిషి గురువమ్మ. ఫిషింగ్ హార్బర్‌లో చేపలు అమ్ముకునే మనిషి. ఆమె కొడుకు మోహన్ తెల్లవారకముందు బోటు మీద, సాయంత్రాలు మాస్టారి బ్యాండులో. ట్రాంబోన్ వాయిస్తాడు, అంటే జారుడు గొట్టం ఉన్న పెద్ద బూరా. రాత్రి పదకొండింటికి పోలీసులు అతన్నే పట్టుకుపోయారు. మధ్యాహ్నం రెండింటికి మేజిస్ట్రేటు ముందు పెడతారు.

పొద్దున ఆరింటికి మాస్టారు గురువమ్మని వెంటబెట్టుకొచ్చి ప్రేమలీల ఇంటి తలుపు కొట్టారు. "ఈ పిల్లోణ్ణి నువ్వే కాపాడాల లీలా. ఆడు కాదు" అన్నారు. అంతే అన్నారు. అంతకంటే ఆయన అడగక్కర్లేదు కూడా. పదకొండేళ్ళప్పుడు ప్రేమలీల బూరా నేర్చుకుంటానంటే, ఆడపిల్లకి బూరా ఏమిటని చర్చి పెద్దలు మూతులు విరిచారు. మాస్టారు ఒక్కరే తన పాత కార్నెట్ బూరా తెచ్చి చేతిలో పెట్టారు. తండ్రి పోయాక ఆ ఇంట్లో ధైర్యం చెప్పిందీ ఆయనే. రెండేళ్ళ కిందట ఆయన కొడుకు హెన్రీ పరవాడలో ఏదో ఫ్యాక్టరీలో రసాయనాలు మరిగే రియాక్టర్ పేలి చనిపోయినప్పుడు, సమాధి దగ్గర ఆయన్ని పట్టుకుని నిలబెట్టింది ప్రేమలీల.

"నా కొడుకు ఏటి సేసినాడమ్మా?" అంది గురువమ్మ నలభయ్యోసారి. "సేపలు యేలంలోనే వొదిలీసి ఒచ్చీసినాను. ఆడు సంపడమ్మా. పీతని ఉడకెయ్యాలంటేనే అవతలికెల్లిపోతాడు."

"తెలుసమ్మా. ముందు ఈ నీళ్ళు తాగు" అని ప్రేమలీల సీసా ఇచ్చింది. గురువమ్మ ఒక్క గుక్క తాగి తిరిగి ఇచ్చేసింది.

"రండి మేడమ్, రండి! పెళ్ళయిపోయి పందిరి పీకేస్తుంటే వచ్చారు!"

సీఐ సాయిశంకర్ హాలు మధ్యలో నడుం మీద చేతులేసుకుని నిలబడ్డాడు. అతనికీ ఆమెకీ పాత బాకీ ఉంది. అతను ఛాతీ విరుచుకుని కోర్టుకి తీసుకెళ్ళిన కేసొకటి వేలిముద్ర దగ్గర వీగిపోయింది. ఆ వేలిముద్ర చదివి సాక్ష్యం చెప్పింది ప్రేమలీల. అప్పటినుంచి ఆమె కనబడితే అతనికి ఒంటికి కారం రాసుకున్నట్టు ఉంటుంది.

"మీ కేసు ఏమిటో చెప్పండి సాయిశంకర్ గారూ. నేను తప్పయితే వెళ్ళిపోతాను."

"మూడే ముక్కలు. ఏడూ నలభైకి మోహన్ అందరి ముందూ పోలిరాజు మీదకి వెళ్ళాడు. 'నీ ఫ్యాక్టరీ పైపు నీళ్ళకి మా సేపలు సచ్చి తేల్తన్నాయి, నువ్వూ అలగే తేల్తావు' అన్నాడు. ఇరవైమంది విన్నారు. రెండు, ఆ ఇనప ఊచ హార్బర్‌లో ఐసు ప్లాంటుది. ఐసుతోపాటు తెచ్చింది మోహనే. దాని మీద వాడి వేలిముద్రలున్నాయి."

"ఐసు దింపింది అతనే అయితే ముద్రలు ఉండవా? పైగా ఊచకి బల్లల మీది గుడ్డ రుమాలు చుట్టి ఉందట. రుమాలుతో పట్టుకుని పొడిచినవాడి ముద్రలు దాని మీద ఎలా పడతాయి?"

"అందుకే మూడో ముక్క." సీఐ నవ్వాడు. "దీపాలు ఆరినప్పుడు మోహన్ కుర్చీలో లేడు."

"ట్రాంబోన్ వినబడింది కదా?"

ఒక అతిథి ఫోన్‌లో తీసిన వీడియో సీఐ పెట్టాడు. తెర అంతా నలుపు. పాట మాత్రం స్పష్టంగా ఉంది. ట్రంపెట్ పైన ఏడుస్తుంటే ట్రాంబోన్ కిందనుంచి ఓదారుస్తోంది. ఆ కుర్రాడు బాగా వాయిస్తాడు.  

"బాబీ! ఇలా రా" అని కేకేశాడు సీఐ.

పార్టీ ఏర్పాట్లన్నీ చేసిన బాబీ ముప్పై అయిదేళ్ళవాడు. నిన్నటి వేషంలోని సస్పెండర్లు, అంటే భుజాల పట్టీలు, ఇంకా విప్పలేదు. నిద్రలేని కళ్ళతో వచ్చి నిలబడ్డాడు.

"మేడమ్‌కి ల్యాప్‌టాప్ సంగతి చెప్పు."

"ఏటుంది మేడమ్, రిహార్సల్‌లో ప్రతి వాద్యం విడివిడిగా రికార్డు చేసి ఉంచుతాం. పార్టీ రోజు ఎవరికైనా జొరమొస్తే ఆ ట్రాక్ వెయ్యాలి కదా. రెండు బూరాలకీ రెండు పెడల్స్. కాలితో నొక్కితే ఆ ట్రాక్ స్పీకర్లోకి వచ్చీస్తాది. రెండు కుర్చీల మధ్యనే పెట్టేను."

"విన్నారా?" అన్నాడు సీఐ. "దీపాలు ఆరాయి. వాడు పెడల్ నొక్కాడు. బూరా కింద పెట్టి లేచి ఎనిమిదడుగులు వెనక్కి నడిచాడు. సోఫా అక్కడే. పొడిచి వచ్చి కూర్చున్నాడు. నిమిషం చాలు."

పోలిరాజు తన అరవయ్యో పుట్టినరోజుకి వందేళ్ళ కిందటి జాజ్ కాలం వేషాలు కట్టించాడు. మగవాళ్ళకి టోపీలు, ఆడవాళ్ళకి తలపట్టీలూ ఈకలూ. ఆడేవాళ్ళంతా తనవైపే తిరిగి ఆడాలని బ్యాండు వెనక ఎత్తుగా సోఫా వేయించుకున్నాడు. ఆ ముచ్చటే ఆయన కొంప ముంచింది. ఇప్పుడు సోఫా మీద సుద్దగీతా, కింద తొక్కుడుపడ్డ ఈకలూ మిగిలాయి.

ప్రేమలీల నేల వైపు చూసింది. చెక్క నేల. దాని మీద తెల్లగా సన్నటి పొడి.

"ఇదేమిటి బాబీ?"

"క్యారమ్ బోర్డు పౌడర్ మేడమ్. బూట్లు జారాలి కదా, అప్పట్లో కూడా ఇలాంటిదే జల్లేవోరట. ఏడింటికోసారి జల్లేం. ఆఖరి వాల్ట్జ్ ముందు పాతదంతా పొడిగుడ్డతో తుడిపించీసి కొత్తగా ఇంకోసారి జల్లేం."

"రెండోసారి ఎన్నింటికి?"

"తొమ్మిదీ అయిదు. అందరూ కేకు కాడికి ఎల్లేరు, బ్యాండు కూడా ఆపీసేరు. నాను స్వయంగా జల్లేను. బ్యాండు కుర్చీల ముందు కూడా పడిపోయింది. బూరాలోకి పోద్దని మేస్టారు తిట్టేరు."

"దీపాలు ఆర్పాలన్నది ఎవరి ఆలోచన?"

"మేస్టారే సెప్పేరు. పాతకాలం రైల్వే క్లబ్బుల్లో ఆఖరి వాల్ట్జ్ దీపాలార్పి ఆడీవోరట కదా. పోలిరాజుగారికి సెప్తే ఎగిరి గంతేసేరు."

ప్రేమలీల వెనక్కి తిరిగి మాస్టారి వైపు చూసి చిన్నగా నవ్వింది. ఆ రైల్వే క్లబ్బు కబుర్లు చిన్నప్పుడు ఆమె కూడా ఎన్నోసార్లు విన్నది. మాస్టారు నవ్వలేదు.

"దీపాలు వెలిగాక బ్యాండు కుర్చీల ముందుకి ఎవరైనా వచ్చారా?"

"రాడానికి దారేదీ? పాట కాయితాలెట్టే స్టాండులు, మైకులు, వైర్లు. అందరూ పక్కలమ్మట ఎనక్కి పరిగెట్టీసేరు."

"పోలీసులు?"

"మా ఫొటోలన్నీ సోఫా దగ్గర" అన్నాడు సీఐ విసుగ్గా. "కుర్చీల వెనక చూస్తే నలభైమంది బూటు గుర్తులున్నాయి. దేనికీ పనికిరావు. మీరు పౌడర్ గురించి పాఠం చెప్పించుకోవడానికి వచ్చారా?"

"పాఠం మీకు." ప్రేమలీల మోకాళ్ళ మీద కూర్చుంది. "బూరా ఊదితే లోపల ఏమవుతుంది?"

"పాట."

"నీళ్ళవుతాయి. ఊపిరి చల్లటి ఇత్తడికి తగిలి నీరవుతుంది. నిన్న ఏసీ ఎంతలో పెట్టావు బాబీ?"

"పద్దెనిమిది మేడమ్. అందరూ కోట్లేసుకున్నారు కదా."

"ఇంకేం, బోలెడు నీళ్ళు. అవి చేరితే పాట గుడగుడమంటుంది. అందుకే బూరాకి చిన్న మీట ఉంటుంది. సందు దొరికినప్పుడల్లా మీట నొక్కి నీళ్ళు నేలమీదకి వదుల్తారు. పాట అయ్యాక కూడా వదిలే కింద పెడతారు. వదలకపోతే మా మాస్టారు వేలి కణుపుల మీద కొట్టేవారు." ఆమె సీసా మూత తీసి, కాస్త దూరంగా పౌడర్ మీద ఒక చుక్క వదిలింది. చిన్న గుంట పడి అంచు గడ్డకట్టింది. "ఎండిపోయినా ఈ గుంట ఉంటుంది. తొమ్మిదీ అయిదుకి జల్లిన పౌడర్ మీద గుంటలుంటే, అవి ఆఖరి వాల్ట్జ్‌లో పడ్డవే. ఆ తర్వాత ఎవరూ వాయించలేదు కదా!"

సీఐకి నవ్వు ఆగింది. కానీ అతను మొండివాడేగానీ మందబుద్ధి కాడు. గబగబా మోహన్ కుర్చీ దగ్గరికెళ్ళి వంగాడు. కుర్చీ కిందా, కాళ్ళు పెట్టుకునే చోటా ఫోన్ దీపం వేశాడు.

"ఏవీ మీ చుక్కలు? ఒక్కటి లేదు! మీ పాఠమే మీవాడికి ఉరి."

బల్ల మీద గురువమ్మ "ఓలమ్మా!" అంది.

"ట్రాంబోన్ చేతిలో ఎప్పుడైనా పట్టుకున్నారా?" అంది ప్రేమలీల. "దాని మీట నోటి దగ్గర ఉండదు. జారుడు గొట్టం చివర ఉంటుంది. నీళ్ళు పడేది బారెడు ముందు. స్టాండు కాళ్ళ అవతల చూడండి."

సీఐ దీపం ముందుకి జరిపాడు. స్టాండుకి అవతల, అరచేయంత మేర, పౌడర్‌లో చిన్న చిన్న గుంటలు. కొన్ని ఒకదాని మీద ఒకటి పడి ముద్దకట్టాయి. ఆమె లెక్కపెట్టింది. పదకొండు.

"ల్యాప్‌టాప్‌కి ఊపిరి ఉండదు" అంది ప్రేమలీల. "మోహన్ ఈ కుర్చీలో కూర్చుని ఊదాడు."

గురువమ్మకి మాటలు సగమే అర్థమయ్యాయి గానీ ప్రేమలీల ముఖం అర్థమైంది. లేచి నిలబడింది. "నా బిడ్డని వొదిలీత్తారా అమ్మా?"

"ఉండండి, ఉండండి" అన్నాడు సీఐ. "ఇవి బూరా చుక్కలేనని ఎవరు చెప్పారు? ఎవడో గ్లాసు ఒలకబోసి ఉండొచ్చు. పక్కనే ఇంకో బూరా ఉంది కదా. ఆయన ముందు కూడా ఇలాంటివే ఉంటే నేను నమ్ముతాను. లేకపోతే ఈ ముగ్గుల వ్యవహారం కోర్టులో చెప్పుకోండి."

న్యాయమైన మాటే. ప్రేమలీలకి సంతోషం కూడా వేసింది. నమూనాగా చూపించాలంటే జోజి మాస్టారి కుర్చీని మించింది ఎక్కడ దొరుకుతుంది? ఆయన నీళ్ళు వదిలితే కుడి పాదం పక్కన, అరచేతిలో పట్టేంత చోట పడతాయి. ఎన్ని ఆదివారాలు ఆయన పక్కన కూర్చుని ఆ మచ్చని చూసిందో ఆమెకే లెక్క తెలీదు.

ఇంతలో సీఐ ఫోన్ మోగింది. అతను కిటికీ వైపు తిరిగి మాట్లాడుతున్నాడు. ప్రేమలీల పక్క కుర్చీ ముందు వంగి దీపం వేసింది.

పౌడర్ పిండి ఆరబోసినట్టు నున్నగా ఉంది.

ఆమె దీపం ఎడమకి జరిపింది. స్టాండు అవతల చూసింది. కుర్చీ కింద చూసింది. పెడల్ పక్క చూసింది. ఎక్కడా గుంట లేదు, చుక్క లేదు, తడి ఎండిన జాడ లేదు.  దీపాలు ఆర్పమని చెప్పిందెవరో ఇందాకే విని నవ్వింది. హెన్రీ ఏ ఫ్యాక్టరీలో పోయాడో రెండేళ్ళలో ఒక్కసారైనా ఆయన్ని అడగలేదు. అడిగితే బాధపడతారని ఊరుకుంది. ప్రేమ ఉన్న చోట తన కళ్ళు పనిచెయ్యవని ఈ వయసులో తెలిసొచ్చి ఆమెకి తన మీద తనకే అసహ్యం వేసింది.

తలెత్తింది. మాస్టారు బల్ల మీదనుంచి ఆమెనే చూస్తున్నారు. తడబడకుండా, తప్పించుకోకుండా చూస్తున్నారు.

ఆమె చేతిలో నీళ్ళసీసా ఉంది. సీఐ వీపు ఇటు ఉంది. బాబీ వైర్లు చుట్టుకుంటున్నాడు. పది చుక్కలు రాలిస్తే చాలు. సీఐ అడిగిన నమూనా దొరుకుతుంది, మోహన్ బయటికొస్తాడు, మాస్టారు ఇంటికెళ్తారు, పోలిరాజుని చంపింది ఎవరో ఎప్పటికీ తేలదు. ఎవరికి నష్టం? సీసా మూత ఇంకా తీసే ఉంది. ఆమె చెయ్యి ఒక్కసారి వంగింది. వంగిన చెయ్యిని రెండో చేత్తో పట్టుకుని మూత బిగించింది.

"అక్కర్లేదు మేడమ్, ఇక వెతక్కండి." సీఐ ఫోన్ జేబులో పెట్టుకుంటూ వచ్చాడు. ముఖం వెలిగిపోతోంది. "మోహన్ ఇప్పుడే సంతకం పెట్టాడు. పోలిరాజుని పొడిచింది తనే అన్నాడు. మీ చుక్కలూ మీ పాఠాలూ డబ్బాలో పెట్టుకోండి."

గురువమ్మ కూలబడలేదు. కేక వెయ్యలేదు. "ఆడా? ఆడు అన్నాడా?" అంది చిన్నగొంతుతో. "ఎందుకన్నాడు?"

ఎందుకన్నాడు? ప్రేమలీల రెండు కుర్చీల వైపు చూసింది. మధ్యన మూరెడు దూరం. స్పీకర్లు హాలు ఆ చివర. నాలుగేళ్ళుగా ఆ ట్రంపెట్ కుడిచెవి పక్కనే వినే కుర్రాడికి, చీకట్లో అది ఒక్కసారిగా హాలు చివరనుంచి వినబడితే తెలియదా? చెయ్యి చాపితే పక్క కుర్చీ ఖాళీ.

"సాయిశంకర్ గారూ, నేను చూశాను" అంది.  "ఈ కుర్చీ ముందు ఒక్క చుక్క లేదు. మీరొచ్చి ఫొటో తీసుకోండి. ఆఖరి వాల్ట్జ్‌లో ట్రాంబోన్ మనిషి ఊదాడు. ట్రంపెట్ యంత్రం ఊదింది. లేచి వెళ్ళింది ఎవరో పక్కన కూర్చున్న మోహన్‌కి ఆ చీకట్లోనే తెలుసు. ఆ మనిషిని పట్టివ్వలేక సంతకం పెట్టాడు."

సీఐ కుర్చీ వైపు చూశాడు. తర్వాత తలుపు పక్క బల్ల వైపు చూశాడు. ఈసారి అతను ఏమీ ఎకసెక్కమాడలేదు.

జోజి మాస్టారు లేచి నిలబడ్డారు.

"పేలిన ఫ్యాక్టరీకే కొత్త పేరు ఎట్టి నడిపిస్తన్నాడమ్మా పోలిరాజు" అన్నారు. "హెన్రీ పోయినాది ఆడి రియాక్టర్‌లోనే. ఆర్నెల్లయింది నాకు తెలిసి. పుట్టినరోజుకి వాయించమని ఆడే నా ఇంటికొచ్చేడు. నన్ను గుర్తు కూడా పట్టలేదు."

"నన్నెందుకు పిలిచారు మాస్టారూ?" ప్రేమలీలకి ఏడుపొచ్చింది, దాచుకోలేదు. "నేను నేల చూస్తానని మీకు తెలీదా?"

"తెలిసే పిలిసేను. నా నోటితో సెప్పడానికి దైర్నం సాల్లేదు. నువ్వయితే తప్పకుండా సూత్తావు. నేర్పింది నానే."

గురువమ్మ ఆయన ఎదురుగా వచ్చి నిలబడింది. ఆమెకి ఇప్పుడు అంతా అర్థమైంది.

"రేత్రి టేసన్ అరుగు మీద నా పక్కనే కూకున్నావు మేస్టారూ" అంది. "లోపల ఆణ్ణి కొడతంటే ఇద్దరం విన్నాం. నీకు తెలిసే విన్నావా?"

జోజి మాస్టారు ఆమె ముఖం మీదనుంచి చూపు దించుకున్నారు.

"ఆడు నా పేరు సెప్పీత్తాడని తెల్లారేవరకూ కాసుక్కూకున్నాను గురువమ్మా" అన్నారు. "సెప్పీత్తే నాను లోపలికెల్లిపోదునే అనుకున్నాను. ఆడు సెప్పలేదు."